సెలవు పూటా ధమ్మమే



తరతరాలుగా మన కూలిజనానికి సెలవంటే తెలీదు. బాబాసాహెబ్ లేబర్ మెంబరుగా ఉన్నప్పుడు, ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించే బిల్లు 1946లో తెచ్చారు. విశ్రాంతి ఎవరో వేసే భిక్ష కాదు, మన హక్కు.

ఈ చలికాలం సద్ది కట్టుకుని, పిల్లల్ని తీసుకుని పులికాట్ సరస్సులోని ఇరకం దీవికి పడవెక్కండి. ఫ్లెమింగోలు తల కిందకి వంచి, బురదనీళ్లను ముక్కుతో వడగట్టుకుని తింటుంటాయి. సెల్ఫీ కోసం అదిలించకండి. నిదానంగా, మనసు అక్కడే పెట్టి చూడండి. సమ్మాసతి అభ్యాసం అలాగే మొదలవుతుంది.

దగ్గర్లోని నేలపట్టు రైతులు గూడబాతులను కాపాడుకుంటారు. వాటి రెట్ట కలిసిన చెరువునీళ్లే పొలాలకు ఎరువు. 22 ప్రతిజ్ఞల్లో 13వది సకల ప్రాణులపై దయ. నోటితో చేసిన ఆ ప్రతిజ్ఞను సెలవు రోజునా నిలబెట్టుకుందాం.

నమో బుద్ధాయ!