తీర్పరికి వేతన మెవరిచ్చిరి?

తన నడతను తూచుటకు తానే యొకని పిలిచి, వానికి తానే వేతనమిచ్చినచో ఆ తూకమును నమ్మవచ్చునా? అధికారులపై ఘోరమైన ఆరోపణ వచ్చినప్పుడు ప్రభుత్వమే ఒక విశ్రాంత న్యాయమూర్తిని నియమించును. వ్యయమంతయు ప్రభుత్వమే భరించును. నివేదికయు ప్రభుత్వమునకే చేరును. 1952 నాటి విచారణ సంఘముల చట్టము ఇందుల కాధారము. ఉప్పు తిన్నవాడు ఉప్పు పెట్టినవానికి ఎదురు చెప్పునా యని లోకులు నవ్వుటయు కద్దు.

బస్తరు సీమ తెలుగువారికి పరాయిది కాదు. ఓరుగల్లు కాకతీయుల శాఖ యేలిన దేశమది. బిజాపూరు ప్రాంతమున నేటికిని తెలుగు మాట వినవచ్చును. ఆ జిల్లాలో బాసగూడ సమీపమున సార్కేగూడ అను ఆదివాసుల పల్లె కలదు. 2012 జూన్ 28వ తేదీ రాత్రి అచట జనులు గుమికూడియుండగా భద్రతా దళములు కాల్పులు జరిపినవి. 17 మంది గ్రామస్థులు మృతులైరి. వారిలో పసివయసువారును గలరు. మావోయిస్టులతో పోరు జరిగినదని అధికారులు ప్రకటించిరి. విత్తనముల పండుగను గూర్చి మాటలాడుకొనుటకు కూడితిమని పల్లెవారు చెప్పిరి.

రాష్ట్ర ప్రభుత్వము విశ్రాంత న్యాయమూర్తి వి.కె. అగర్వాల్ గారిని ఏకసభ్య సంఘముగా నియమించెను. ఆయన నివేదిక 2019 డిసెంబరులో శాసనసభ ముందుకు వచ్చెను. మృతులు మావోయిస్టులని చూపు సాక్ష్యము లేదనియు, గ్రామస్థులు కాల్పులు జరుపలేదనియు, దళములవారు భయభ్రాంతులై కాల్చియుండవచ్చు ననియు, వారికి తగిలిన గాయములు తోడివారి తూటాలవే కావచ్చుననియు అందు కలదు. అదే జిల్లాలోని ఎడెస్‌మెట్టలో 2013 మే నెలలో 8 మంది గ్రామస్థులు మరణించిన విషయమునను ఆయనయే విచారించి, అట్టి నిర్ణయమునకే వచ్చెను. లోకుల నవ్వున కిచట తావు లేదు. వేతనము తీసికొన్నవాడు వేతన మిచ్చినవారికి రుచింపని మాటయే చెప్పెను.

కురుసభలో ఈ రెండు తీరులును గలవు. ద్రౌపది ధర్మము నడిగినప్పుడు భీష్ముడు ధర్మము సూక్ష్మమని తప్పుకొనెను. యుద్ధారంభమున తాను అర్థమునకు దాసుడనని ధర్మరాజుతో తానే యొప్పుకొనెను. ఆ రాజు కొలువుననే బ్రతికిన విదురుడో, రాజు మొగమున నిజము పలికెను. ఇర్వురును తిన్నది ఒక్క కూడే. అయితే ఆ కూడు ఎవరిది? దున్ని పండించి పన్ను కట్టిన ప్రజలది. ధనాగారము రాజు చేతిలో నుండవచ్చును గాని రాజు సొత్తు కాదు. భీష్ముడు ఋణమును సరిగా గుర్తించెను, ఋణదాతను మాత్రము పొరబడెనని నాకు తోచును. నేటి న్యాయమూర్తికి చేరు వేతనములో బజారున సరకు కొన్న సార్కేగూడ తల్లి కాసును కలదు. ఆయన ఋణపడినది ఆమెకు.

కావున దోషమును వేతనమునందు వెదకుట వ్యర్థము. ధృతరాష్ట్రుని చూడుడు. నిద్ర పట్టక అర్ధరాత్రమున విదురుని పిలిపించుకొనెను. తెల్లవార్లు నీతి వినెను. అంతయు నిజమేయని తలయూపెను. దుర్యోధనుని చూచినంతనే నా బుద్ధి మరలిపోవునని చెప్పి యథాప్రకారముగా నుండెను. వినుటయే చేయుటయని భ్రమించిన వారికి ఇంతకంటె గొప్ప ఉదాహరణము లేదు. మన చట్టము సైతము ఆ రాజునకు సన్నిహితముగానే యున్నది. సంఘము చెప్పినది ప్రభుత్వమును బంధింపదు. సంఘము నెదుట ఇచ్చిన వాఙ్మూలమును, అబద్ధసాక్ష్యపు నేరమునకు దప్ప, చెప్పినవానిపై వినియోగింపరాదు. నివేదికను ఆరు మాసములలో శాసనసభ ముందుంచి, తీసికొన్న చర్యను తెలుపవలెనను నియమము మాత్రము కలదు. విచారణ ఎన్నేండ్లు సాగినను అడ్డు లేదు.

ఇంకొక మాట. బయటివాని తీర్పు అవసరమే. మనస్సు తన్ను తాను మోసగించుకొనుటలో మిక్కిలి నేర్పరి. కాని, లోనున్న సాక్షికి వేతనము లేదు, గడువు లేదు, నియామకపత్రము లేదు. తుపాకి పట్టినవాడును, మరునాటి ప్రకటన వ్రాసినవాడును ఆ సాక్షిని ఒక్క ఘడియ యడిగియుండినచో, బయట వెదకవలసినది ఎంత మిగులును? అడిగిరో లేదో వారికే ఎరుక. విత్తనపు పండుగకై కూడిన ఆ పల్లెలో, మీ బిడ్డలు దోషులని చూపు సాక్ష్యము లేదని వ్రాసిన కాగితము వచ్చునప్పటికి ఏడు పంటలు కోతకు వచ్చి పోయినవి.