సంగమ ధర్మం

హోసూరు మీదుగా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని ఉత్తరానికి సాగిపోతే, జమ్మూకాశ్మీరులోని రాంబన్ దగ్గర చినాబ్ నది ఎదురవుతుంది. ఋగ్వేదం అసిక్ని అని స్తుతించిన నది ఇది. పురాణాల్లో దీని పేరు చంద్రభాగ. పుట్టిల్లు మాత్రం ఇంకా పైన, హిమాచల్‌ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో ఉంది.

మనాలి నుంచి బయల్దేరి, 2020లో తెరిచిన అటల్ సొరంగం దాటితే ఆ లోయలో అడుగుపెడతాం. అక్కడ రోడ్డు చాలావరకు నదిని అంటిపెట్టుకునే ఎక్కుతుంది. సుమారు 4,900 మీటర్ల ఎత్తున ఉన్న బారలాచా కనుమ ప్రాంతంలో చంద్ర, భాగ నదులు పుట్టి చెరో దిక్కుకు పోతాయి. కొండలన్నీ చుట్టుకుని తండి గ్రామం దగ్గర కలుస్తాయి. చంద్రుడి కూతురు, సూర్యుడి కొడుకు పెళ్లాడిన చోటు ఇదేనని లాహౌల్ వాసులు కథ చెప్పుకుంటారు. హిందువులకూ బౌద్ధులకూ ఈ సంగమం పవిత్రమే.

సంగమం పవిత్రం ఎందుకయింది? వచ్చి కలిసినదాన్ని నది కాదనదు. కొత్త నీటిని కడుపులో పెట్టుకుని ముందుకు సాగుతుంది. ఆ గుణానికే మనం మొక్కుతాం. అయితే, నది దేన్నీ కాదనదు కాబట్టి అందులో ఏం కలుస్తుందో చూసుకోవలసింది మనమే.

నందికొండల్లో పుట్టి హోసూరు దగ్గర పారే దక్షిణ పినాకినికీ అదే గుణం. బెళ్లందూరు, వర్తూరు చెరువులు దాటి వచ్చే బెంగళూరు మురుగును కూడా కాదనకుండా కలుపుకుని కెలవరపల్లి జలాశయానికి చేరుతుంది. వానాకాలంలో గేట్లు ఎత్తినప్పుడు తెల్లటి నురగ గుట్టలుగా పొంగుతుంది. బట్టల సబ్బు పొడి, శుద్ధికాని మురుగు, కర్మాగారాల వ్యర్థాలు కలిసిన నురగ అది. ఆ నీరే కాలువల్లో పారి హోసూరు రైతుల పొలాలకు చేరుతుంది.

స్నాన సంకల్పంలో మన పెద్దలు గంగా కావేరులను చెంబెడు నీళ్లలోకి ఆవాహన చేస్తారు. ఏ నీరైనా తీర్థమేనన్న నమ్మకం అందులో ఉంది. ఆ నమ్మకం ఉన్నవాళ్లకు హిమాలయ నది, ఊరి నది వేరువేరు కావు. చంద్రభాగ ఒడ్డున దండం పెట్టిన చేయి, పినాకిని ఒడ్డున పూజ సామగ్రిని ప్లాస్టిక్ సంచితో సహా నీళ్లలోకి విసరకూడదు. మురుగును శుద్ధి చేశాకే వదలాలని అడిగే రైతులతో గొంతు కలపడమూ నదీపూజే. యాత్రాఫలం దక్కిందా లేదా అన్నది ఊరికి తిరిగొచ్చాక ఈ పనుల్లోనే తేలుతుంది.