ఓడిన ఏడాది కోచ్‌ను తీసేయాలా?

ఏప్రిల్ 15 వచ్చిందంటే మన నెల్లూరు తీరంలో మోటారు పడవలన్నీ ఒడ్డెక్కుతాయి. జూన్ 14 వరకు, అంటే 61 రోజులపాటు సముద్రంలో వేట నిషేధం. పెద్దవాళ్ళు నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటారు. కుర్రవాళ్ళు సాయంత్రమైతే టీవీ ముందు చేరి ఐపీఎల్ చూస్తారు. ఏ కెప్టెన్‌ను దించాలో, ఏ కోచ్‌ను ఇంటికి పంపాలో రాత్రి పదకొండు దాకా తీర్పులు చెప్పుకుంటారు. అందులో తప్పేమీ లేదు, ఖర్చు కూడా లేదు. అయితే ఈ ఏడాది అలాంటి తీర్పు ఒకటి నా వాకిలిదాకా వచ్చింది.

ఒక ఆదివారం దివ్యబలిపూజ ముగిసిన తరువాత మా విచారణ ఫుట్‌బాల్ జట్టు కుర్రవాళ్ళు ఎనిమిది మంది గురుమందిరం వరండాలో నిలబడ్డారు. ఆ ఏడాది వాళ్ళు ఆరు ఆటలు ఆడారు. ఒకటి సమంగా ముగిసింది, మిగిలిన ఐదూ ఓడిపోయారు. "ఫాదర్, డ్రిల్లు మాస్టారును మార్చేయండి. ఆయన కాలం అయిపోయింది" అన్నారు. ఆ మాస్టారు బడిలో పదవీ విరమణ చేసిన మనిషి. పదకొండేళ్ళుగా ఒక్క రూపాయి తీసుకోకుండా జట్టుకు ఆట నేర్పుతున్నారు. "వారం గడువివ్వండి, ఆలోచించి చెబుతాను" అని పంపించాను.

ఇది చిన్న విషయమని మీకు అనిపించవచ్చు. కాని ఒక మనిషిని పని నుంచి తీసేయడం ఎప్పుడు న్యాయం, ఎప్పుడు అన్యాయం అన్న ప్రశ్న చిన్నది కాదు. అది బడికీ, కార్యాలయానికీ, ఉపదేశికీ, గాయక బృందానికీ, చివరికి మన ఇళ్ళకూ వర్తించే ప్రశ్న. అందుకే ఈ వారం మీతో కలిసి ఆలోచించాలనుకున్నాను.

ముందుగా మన తెలుగు నేలమీద జరిగిన ఒక కథ చెబుతాను. 2024లో వచ్చిన "మైదాన్" హిందీ సినిమా చూసినవారికి హైదరాబాదు వాసి సయ్యద్ అబ్దుల్ రహీమ్ పేరు తెలిసే ఉంటుంది. ఆయన కూడా బడిపంతులే. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఆయన జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయింది. పది గోల్స్! ఆ రోజు ఆయన మా వరండా ముందుకు వచ్చి ఉంటే మా కుర్రవాళ్ళు ఏమనేవారో ఊహించండి.

అయితే ఆ పది గోల్స్ వెనుక ఏముందో చూడాలి. మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఉత్త కాళ్ళతో ఆడారు. ఎదుటి జట్టు ఆ ఒలింపిక్స్‌లో వెండి పతకం గెలిచిన జట్టు. ఆ ఓటమి నుంచి నేర్చుకోవలసింది నేర్చుకున్నారు. 1956లో మెల్బోర్న్‌కు మళ్ళీ రహీమ్ శిక్షణలోనే, ఈసారి బూట్లతో వెళ్ళి, ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, నాలుగో స్థానంలో నిలిచారు. 1960లో రోములో ఫ్రాన్సుతో 1-1గా ఆటను ముగించినా, హంగేరీ, పెరూ చేతుల్లో ఓడి గ్రూపులో చివరన మిగిలారు. రెండేళ్ళ తరువాత జకార్తా ఆసియా క్రీడలకు జట్టును తీసుకువెళ్ళింది కూడా ఆయనే. అక్కడ మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. 1962 సెప్టెంబరు 4న ఫైనల్లో అదే దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మనవాళ్ళు బంగారు పతకం గెలిచారు. తలకు దెబ్బ తగిలి కుట్లు పడిన జర్నైల్ సింగ్ అనే డిఫెండరును ముందువరుసలో ఆడించారు. అతడే ఒక గోల్ కొట్టాడు. 1963 జూన్ 11న రహీమ్ క్యాన్సరుతో కన్నుమూశారు. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ బంగారం రాలేదు.

"చూశారా, ఓడినవాడిని నమ్మి ఉంచితే గెలుస్తాడు" అని ఇక్కడితో ఆపేస్తే ఈ వ్యాసం సులభంగా ముగుస్తుంది. కాని అది నిజాయితీ కాదు. మా కుర్రవాళ్ళలో ఒకడు వెంటనే ఎదురు ఉదాహరణ చెప్పగలడు. 2008లో మొదటి ఐపీఎల్‌లో మన దక్కన్ చార్జర్స్ 14 ఆటల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. కోచ్‌ను మార్చారు. 2009లో డారెన్ లీమన్ శిక్షణలో, గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో అదే జట్టు కప్పు గెలిచింది. మార్చితే మేలు జరిగిందిగా? అయితే 2016లో సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చిపెట్టిన డేవిడ్ వార్నర్‌ను 2021 మే 1న, సీజను నడుమ, కెప్టెన్సీ నుంచి తప్పించారు. ఆ ఏడాది జట్టు చివరి స్థానంలోనే ముగించింది. ఇంగ్లండులో లెస్టర్ సిటీ ఫుట్‌బాల్ జట్టును ఎవరూ ఊహించని రీతిలో 2016లో విజేతను చేసిన రనియేరీని ఏడాది తిరగకుండానే, 2017 ఫిబ్రవరిలో పంపించేశారు. మాంచెస్టర్ యునైటెడ్‌కు 1986లో వచ్చిన ఫెర్గూసన్ 1990లో లీగులో పదమూడో స్థానానికి దిగజారినా, ఆయనను ఉంచుకున్నారు. 2013లో విరమించుకునేసరికి ఆయన ఖాతాలో 13 లీగు టైటిళ్ళు ఉన్నాయి.

కాబట్టి ఉంచితే గెలిచిన కథలున్నాయి, మార్చితే గెలిచిన కథలూ ఉన్నాయి. ఉంచినందువల్ల ఓడుతూనే పోయిన జట్ల కథలు ఎవరూ సినిమా తీయరు కనుక మనకు గుర్తుండవు. దీని నుంచి నేను గ్రహించింది ఒకటే. తరువాత వచ్చిన గెలుపో ఓటమో మనం చేసిన నిర్ణయం న్యాయమా కాదా అన్నది రుజువు చేయలేదు. నిర్ణయం తీసుకునే రోజున మన చేతిలో ఉన్నది రేపటి ఫలితం కాదు, నిన్నటి సత్యం మాత్రమే.

ఆ సత్యాన్ని ఎలా వెదకాలి? సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాస్ అక్వినాస్ వివేకం గురించి చెప్పింది మాకు నేర్పారు. గడిచినదాన్ని సరిగా గుర్తుంచుకోవడం, ఇతరుల మాట వినడానికి సిద్ధపడడం, చుట్టూ ఉన్న పరిస్థితులను చూడడం, ముందుచూపు — ఇవన్నీ కలిస్తేనే వివేకమని ఆయన చెప్పారు. అప్పుడది పరీక్షకోసం బట్టీపట్టాను. దాని అర్థం నాకు చాలా ఆలస్యంగా, ఒక తప్పు చేసిన తరువాత తెలిసింది.

చాలా ఏళ్ళ క్రితం నేను ఒక బడికి కరెస్పాండెంటుగా ఉండేవాడిని. ఒక ఏడాది పదో తరగతి లెక్కల ఫలితాలు బాగా పడిపోయాయి. తల్లిదండ్రులు గొడవ చేశారు. నేను లెక్కల మాస్టారును పిలిచి అడగలేదు. అటెండరు చేత ఉత్తరం పంపించాను. వచ్చే జూన్ నుంచి రానక్కర్లేదని అందులో ఉంది. కొన్ని నెలల తరువాత పాత రిజిస్టర్లు తిరగేస్తుంటే అసలు సంగతి కనబడింది. తప్పినవారిలో ఎక్కువమంది చదువు మానేసి రెండేళ్ళు వేటకు పోయి, మళ్ళీ బడికి వచ్చిన పిల్లలు. వాళ్ళను చేర్చుకుందామని పట్టుబట్టింది ఆ మాస్టారే. ఆ ఫారాల మీద సంతకం మాత్రం నాది. మంచి పని అని నేనే సంతకం పెట్టి, దాని ఖర్చు ఆయన చేత కట్టించాను.

తరువాత ఒకసారి నెల్లూరు బస్టాండులో ఆయన కనబడితే క్షమాపణ అడిగాను. ఆయన కోపగించుకోలేదు. "ఆ పిల్లకాయల్లో ఎంతమంది మళ్ళీ పరీక్ష రాశారు ఫాదర్?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. నేను ఆ లెక్క ఎప్పుడూ చూడలేదు.

అందుకే ఈసారి తొందరపడలేదు. వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్ద సరంగు దగ్గర కూర్చుని అడిగాను: "పడవ ఉత్తగా వస్తే సరంగును మారుస్తారా?" ఆయన నవ్వి, "చేప పడకపోతే సముద్రాన్ని తిట్టుకుంటాం స్వామీ. వల వేయాల్సిన వేళ నిద్రపోతే సరంగును తిడతాం" అన్నారు. తత్వశాస్త్ర గ్రంథాలు పేజీల కొద్దీ చెప్పే తేడా ఇదే. మన చేతిలో ఉన్నదానికి మనం బాధ్యులం. మన చేతిలో లేనిదానికి మనలను దోషులను చేయడం అన్యాయం.

అలాగని కోచ్ మీద జాలి చూపితే చాలదు. కుర్రవాళ్ళ పక్షాన కూడా న్యాయం ఉంది. పందొమ్మిదేళ్ళ కుర్రవాడికి ఒక సీజను పోతే అది తిరిగి రాదు. పెద్దాయన మనసు నొచ్చుకుంటుందని పదహారుమంది పిల్లల ఏడాదిని వృథా చేస్తే దాన్ని దయ అనలేము, మొహమాటం అనాలి. ఇంకొక మాట కూడా చెప్పాలి. గెలుస్తున్నా తీసేయవలసిన కోచ్ ఉంటాడు. పిల్లలను బూతులు తిట్టేవాడు, తనవాళ్ళనే ఆడించేవాడు, గాయాన్ని దాచి ఆడమనేవాడు కప్పు తెచ్చినా ఆ పనికి తగడు. గెలిచిన ఏడాది ఈ ప్రశ్నలు అడగనివాళ్ళం ఓడిన ఏడాది మాత్రమే అడుగుతున్నామంటే, మనం వెదుకుతున్నది న్యాయం కాదు, నింద మోయడానికి ఒక మనిషిని.

లూకా సువార్త పదమూడో అధ్యాయంలో యేసుప్రభువు చెప్పిన కాయని అంజూరపు చెట్టు ఉపమానం మీకు తెలుసు. మూడేళ్ళు చూసి యజమాని నరకమంటాడు. తోటమాలి ఇంకొక్క ఏడాది అడుగుతాడు. మనం ఆ "ఇంకొక్క ఏడాది" దగ్గరే ఆగిపోతాం. కాని తోటమాలి ఊరికే గడువు అడగలేదు. చుట్టూ తవ్వుతాను, ఎరువు వేస్తాను అన్నాడు. అప్పటికీ కాయకపోతే నరికించమని తానే ఒప్పుకున్నాడు. ఆ గడువులో శ్రమ ఉంది, మళ్ళీ చూసే రోజు కూడా ఉంది.

మరుసటి ఆదివారం మాస్టారును, కుర్రవాళ్ళను ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ఏడాదిలో తన చేతిలో ఉన్నదేమిటో, లేనిదేమిటో ఎవరికి వారు చెప్పమన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ముందు మాస్టారే నోరు విప్పారు. "ఇద్దరు పిల్లకాయల్ని నేను సరిగా వాడుకోలేదు ఫాదర్. గోల్ దగ్గర చిన్నవాడిని పెట్టాల్సింది. పాతవాడు నొచ్చుకుంటాడని పెట్టలేదు" అన్నారు. అప్పుడు ఒక కుర్రవాడు తలవంచుకుని, పదహారుమందిలో రోజూ అభ్యాసానికి వచ్చింది ఆరుగురేనని ఒప్పుకున్నాడు. వేటకు పోయినవారి సంగతి వేరు, ఒడ్డున ఉండీ రానివారు నలుగురున్నారని కూడా చెప్పాడు. బంతులు కొనిస్తానని నేను ఇచ్చిన మాట రెండేళ్ళుగా అలాగే ఉందని ఎవరూ అనలేదు. అది నేనే చెప్పాను.

మాస్టారును ఇంకొక్క ఏడాది ఉంచాలని నిర్ణయించాం. పరుగులు, వ్యాయామం చేయించడానికి ఆయనే ఎంచుకున్న ఒక యువకుడు తోడుంటాడు. వారంలో మూడు రోజులు అభ్యాసానికి రానివాడు, ఎంత బాగా ఆడేవాడైనా, ఆదివారం ఆటలో ఉండడు. వచ్చే పాస్కా పండుగ తరువాత మళ్ళీ ఇలాగే కూర్చుంటాం. అప్పుడు మార్చవలసి వస్తే మారుస్తాం. అది కూడా ఎదురుగా కూర్చుని, కారణం చెప్పి, పదకొండేళ్ళ సేవకు ఊరందరి ముందు కృతజ్ఞత చెప్పి చేస్తాం. అటెండరు చేతికి ఉత్తరం ఇవ్వం.

మేము తీసుకున్నది సరైన నిర్ణయమేనా? వచ్చే ఏడాది కూడా ఓడిపోవచ్చు. ఓడిపోతే ఎనిమిదిమందీ మళ్ళీ నా వరండాలో నిలబడతారు, నిలబడాలి కూడా.

ప్రియ పాఠకులారా, మీ ఇంట్లో మార్కులు తగ్గిన పిల్లవాడు ఉండవచ్చు. పంట పోయిన తమ్ముడో, రొయ్యల గుంటలో నష్టపోయిన అల్లుడో ఉండవచ్చు. "వీడితో కాదు" అనే ముందు ఒక్కసారి పక్కన కూర్చోబెట్టుకుని, ఏం జరిగిందో వాళ్ళ నోటితో చెప్పనివ్వండి. చెప్పిన తరువాత, అందులో మన సంతకం ఎక్కడైనా ఉందేమో కూడా చూసుకుందాం.