అడ్వాన్సు ఎవరి సొమ్ము?



ఇల్లు ఖాళీ చేసేరోజున, సామానంతా బండికెత్తిన తరువాత, ఇంటి యజమాని గుమ్మం ముందు నిలబడిన మనిషిని మీరు చూసే ఉంటారు. మీలో కొందరు అలా నిలబడి కూడా ఉంటారు. తాళంచెవి ఇచ్చేశాడు, కరెంటు బిల్లు కట్టేశాడు, ఇక మిగిలింది తానిచ్చిన అడ్వాన్సు అడగడమే. అది తన డబ్బే. అయినా అప్పు కోసం వచ్చినవాడిలా గొంతు తగ్గించి అడుగుతాడు. "కొత్తవాళ్లు రానివ్వండి, చూద్దాం" అని యజమాని లోపలికి వెళ్లిపోతాడు.

2014లో నేను వేరొక విచారణలో ఉన్నప్పుడు ఇలాంటి కుటుంబమొకటి నా దగ్గరకు వచ్చింది. భర్త ప్రైవేటు బడిలో ఉపాధ్యాయుడు, భార్య ఆసుపత్రిలో నర్సు. ఇంటి అద్దె నెలకు 5,000 రూపాయలు. మూడు నెలల అద్దె 15,000 అడ్వాన్సుగా ఇచ్చారు. ఇంటాయన కూతురి పెళ్లి దగ్గర పడింది, ఆరు నెలల అద్దె కూడా ముందే సర్దమని అడిగితే, చీటీ పాడి మరో 30,000 తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. కాగితం రాసుకోలేదు. ఒకే గుడికి వెళ్లేవాళ్లం, మనలో మనకు కాగితాలెందుకు అనుకున్నారట. మూడో నెలలో బడి మూతపడింది. భర్తకు వేరే ఊళ్లో ఉద్యోగం దొరికింది. నెల ముందుగా చెప్పి ఖాళీ చేశారు. కాపురం చేయని మూడు నెలల అద్దె 15,000, అడ్వాన్సు 15,000, మొత్తం 30,000 రావాలి.

ఇంటాయన వాదన ఇది: "ఆరు నెలలుంటామని చెప్పి మాట తప్పింది మీరు. ఆ డబ్బు పెళ్లికి ఖర్చయిపోయింది. గోడలకు రంగులు కూడా వేయించుకోవాలి." పదిహేను రోజులు తిరగకుండానే ఆ ఇంట్లోకి మరో కుటుంబం దిగింది. వాళ్ల దగ్గరా అడ్వాన్సు తీసుకున్నారు. వీళ్లకు మాత్రం రూపాయి తిరిగి రాలేదు.

ఆ ఇంటాయన మా విచారణ సలహా సంఘంలో పెద్ద. గుడికి ఎంతో చేసినవాడు. పండుగ దగ్గర పడుతున్నది, గొడవ ఎందుకని నా మనసులో ఉన్నది. అంగీ అడిగినవానికి పైవస్త్రం కూడా విడిచిపెట్టమన్నారు గదా ప్రభువు, మీరు కూడా వదిలేయండి, దేవుడు మరోవిధంగా ఇస్తాడని ఆ దంపతులకు చెప్పి పంపాను. వాళ్లు నా మాట విన్నారు.

నాలుగేళ్ల తరువాత, 2018లో, ఒక రోగిని చూడబోయిన ఆసుపత్రిలో ఆమె కనిపించింది. కొత్త ఊళ్లో ఇంటి అడ్వాన్సు కోసం గాజులు తాకట్టు పెట్టారట. విడిపించుకోలేక అవి వేలానికి వెళ్లాయి. ఆమె నన్నేమీ నిందించలేదు. "ఫాదర్ గారూ, ఆ రోజు మమ్మల్ని వదిలేయమన్నారు. ఆయన్ని ఇచ్చెయ్యమని ఎందుకు అనలేదు?" అని మాత్రం అడిగింది.

నేను జవాబు చెప్పలేకపోయాను. సెమినరీలో తత్వశాస్త్రం చదివినవాణ్ణి. నాకు ఈ ప్రశ్న కొత్తది కాకూడదు. ప్లేటో రాసిన రిపబ్లిక్ మొదటి భాగంలో న్యాయమంటే ఏమిటన్న చర్చకు అంకురం ఇక్కడే ఉన్నది: తీసుకున్నది తిరిగి ఇవ్వడమే న్యాయమా? దాచమని ఆయుధాలిచ్చిన మిత్రుడు పిచ్చివాడై తిరిగి వస్తే ఇవ్వాలా అని సోక్రటీసు అడ్డుపడతాడు గాని, ఎవడూ పిచ్చివాడు కానప్పుడు ఇవ్వనక్కర లేదని ఆయన అనలేదు. జర్మన్ తత్వవేత్త కాంట్ 1788లో వెలువడిన తన గ్రంథంలో ఇదే ఉదాహరణ తీసుకున్నాడు. దాచమని ఇచ్చినవాడు చనిపోయాడు, కాగితం లేదు, సాక్షి లేడు. నేను కాదంటే అడిగేవాడెవడు? అలా కాదనడమే అందరికీ నియమమైతే లోకంలో ఎవడూ ఎవరి దగ్గరా ఏదీ దాచడని కాంట్ సమాధానం. కాగితం లేకుండా ఇచ్చిన ఆ ఉపాధ్యాయుని నమ్మకానికి ఇంతకంటె దగ్గర ఉదాహరణ ఏముంటుంది!

అడ్వాన్సు ఇచ్చినవాడు దానం చేయలేదు. దానితో ఏదీ కొనలేదు. ఇంటికి నష్టం చేస్తే, అద్దె ఎగవేస్తే పట్టుకోవడానికి ఒక హామీగా ఉంచాడు. ఉంచుకున్నవాని పెట్టెలో ఉన్నా అది ఇచ్చినవాని సొమ్మే. "ఖర్చయిపోయింది" అంటే దాచవలసినది వాడుకున్నాడని అర్థం. అప్పుడు దాని పేరు అప్పుగా మారుతుంది, తిరిగి ఇవ్వవలసిన బాధ్యత మారదు. ముందస్తు అద్దె సంగతి కొంచెం వేరు. అది రాబోయే నెలలకు ధర. మాట ఇచ్చి మధ్యలో వెళ్లినవాడు ఇల్లు ఖాళీగా ఉన్న రోజుల నష్టం భరించడం సబబే. ఈ కుటుంబం విషయంలో ఆ నష్టం పదిహేను రోజులది, 2,500 రూపాయలు. మిగతా రోజులకు ఒకే గదికి ఇద్దరి దగ్గర అద్దె తీసుకోవడాన్ని ఏ లెక్కతో సమర్థించగలం?

రంగుల సంగతీ అంతే. మేకులు కొట్టి గోడ పగలగొడితే, కుళాయి విరగ్గొడితే తగ్గించుకోవచ్చు. మనుషులు కాపురమున్న ఇంట్లో గోడ మాయడం సహజం. మామూలు వాడకం వల్ల కలిగే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే చెబుతున్నది. కేంద్ర ప్రభుత్వం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం, నివాసగృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెను మించరాదనీ, న్యాయమైన తగ్గింపులు పోను మిగిలినది ఇల్లు స్వాధీనం చేసుకునే సమయంలోనే తిరిగి ఇవ్వాలనీ అంటున్నది. అది రాష్ట్రాలకు నమూనా మాత్రమే. అయినా న్యాయం ఏ వైపున ఉన్నదో తెలుసుకోవడానికి అది చాలు.

ఇక నేను దుర్వినియోగం చేసిన ఆ పైవస్త్రం మాట. నష్టపోయినవాడు స్వేచ్ఛగా వదులుకుంటే అది పుణ్యమే. కాని తన వంతు వదులుకునే హక్కు తనకుంటుంది గాని, పిల్లల వంతు వదులుకోమని మరొకరు చెప్పడానికి లేదు. బాకీ ఉన్నవాడు ఆ వాక్యాన్ని గొడుగులా పట్టుకోవడానికి అసలే లేదు. పునీత పౌలు గారు కొరింతీయులకు రాసిన మొదటి లేఖ ఆరవ అధ్యాయాన్ని నేను ఆ సాయంత్రం మళ్లీ తెరిచాను. అన్యాయాన్ని సహించరాదా అన్న మాట అందరికీ గుర్తుంటుంది. ఆ తరువాతి వాక్యంలోనే, సహోదరులనే మోసగిస్తున్నారని ఆయన గద్దిస్తారు. అంతకుముందు, సహోదరుల మధ్య తీర్పు చెప్పగల వివేకి మీలో ఒక్కడూ లేడా అని అడుగుతారు. ఆ ఊళ్లో ఆ వివేకి నేనే కావలసింది.

తోబీతు గ్రంథం మన కతోలిక బైబులులో ఉన్నా చదివేవారు తక్కువ. తోబీతు దానధర్మాలలో పేరుపడిన భక్తుడు. మాదియ దేశంలోని రాగెసు పట్టణంలో గబాయేలు అనే ఆయన దగ్గర పది తలాంతుల వెండి దాచి ఉంచాడు. తరువాత దారులు సురక్షితం కాక ఆ దేశానికి వెళ్లలేకపోయాడు, చూపు పోయింది, ఇల్లు గడవడానికి భార్య కూలికి నేసింది. ఆమెకు కూలితోపాటు బహుమానంగా ఒక మేకపిల్లనిస్తే, దొంగిలించినదేమో, తిరిగి ఇచ్చిరమ్మని పట్టుబట్టిన మనిషి తోబీతు. అదే మనిషి, ఇరవై ఏళ్ల తరువాత, తన వెండి తెచ్చుకోవడానికి కుమారుణ్ణి పంపాడు. ఆ కాలంలోనే పత్రాన్ని రెండు ముక్కలు చేసి చెరొకటి ఉంచుకున్నారు! పత్రం పట్టుకుని, నలుగురు సేవకులతో, రెండు ఒంటెలతో రాగెసు దాకా వెళ్లినవాడు సాక్షాత్తు రఫాయేలు దేవదూత. గబాయేలు ముద్రలు చెదరని సంచులను లెక్కపెట్టి అప్పగించాడు. తన సొమ్ము తాను అడగడం దురాశే అయితే, దేవుడు ఆ పనికి దేవదూతను తోడిచ్చి పంపేవాడా?

అడగడంలో కూడా ఒక పద్ధతి ఉన్నది. ఇచ్చిన తేదీ, మొత్తం, ఖాళీ చేసిన తేదీ రాసి, ముందు ఉత్తరం ఇవ్వాలి. సాక్షిగా పెద్దమనిషిని తీసుకుపోవాలి. అప్పటికీ కాకపోతే 1987 చట్టం కింద నడిచే లోక్ అదాలత్ ఉన్నది, అక్కడ కోర్టు రుసుము ఉండదు. అది కోర్టుకెక్కి పరువు తీయడం కాదు, రాజీకి కూర్చోవడమే. బాకీ దావాకు సాధారణంగా మూడేళ్లే గడువు గనుక ఆలస్యం చేయరాదు. అద్దె మీదనే బతికే ముసలి యజమానురాలు నిజంగా ఇవ్వలేని స్థితిలో ఉండవచ్చు, అలాంటివారు నాకూ తెలుసు. వారి గురించి పునీత అక్వినా తోమాసు గారు చెప్పినది సరళంగా ఉన్నది: తిరిగి ఇవ్వవలసినది వెంటనే ఇవ్వాలి, చేతగాకపోతే సొమ్ముగల వాని దగ్గరకు వెళ్లి గడువైనా అడగాలి, మాఫీ అయినా అడగాలి. గడువు ఇచ్చే అధికారం అతనిదే గాని, బాకీ ఉన్నవాడిది కాదు.

ఆసుపత్రి నుండి వచ్చిన వారానికి నేను ఆ ఇంటాయన దగ్గరకు వెళ్లాను. అప్పటికి ఆయన ఇంటిమీద మరో అంతస్తు లేచింది. "ఆ సంగతి ఎప్పుడో ముగిసింది, మీరే ముగించారు గదా ఫాదర్ గారూ" అన్నారు. చట్టం గడువు దాటిన మాట నిజమే. కాని 1992లో రెండవ జాన్ పాల్ పోపుగారు వెలువరించిన శ్రీసభ సత్యోపదేశ గ్రంథం, పౌర చట్టానికి విరుద్ధం కాకపోయినా ఇతరుల సొత్తు అన్యాయంగా ఉంచుకోవడం ఏడవ ఆజ్ఞను మీరడమేనని చెబుతున్నది. అది ఆయనకు చదివి వినిపించాను. ఆయన కాఫీ తెప్పించారు. డబ్బు ఇవ్వలేదు.

ఆ తరువాత నేను ఇప్పుడున్న విచారణకు మారాను. గుడికి రోడ్డువైపు నాలుగు దుకాణాల గదులున్నాయి. ఒక గదిలోని దర్జీ ఖాళీ చేసి తన 40,000 అడ్వాన్సు అడిగాడు. లెక్కల పుస్తకం తీస్తే, నలుగురి అడ్వాన్సులూ నాకు ముందే ప్రహరీగోడకు ఖర్చయి ఉన్నాయి. "కొత్తవాళ్లు రానివ్వు బాబూ" అన్న మాట నా నోటి నుండే వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరునాడు అతని ఇంటికి నేనే వెళ్లి, సగం ఇచ్చి, మిగతా సగానికి రెండు నెలల గడువు అడిగాను. ఇంట్లో ఆలోచించుకుని చెబుతానన్నాడు. సాయంత్రం వచ్చి, రెండు నెలలు కుదరదు, నెలన్నర అన్నాడు. నెలన్నరకే ఇచ్చాము. ఇప్పుడు అడ్వాన్సులకు వేరే బ్యాంకు ఖాతా ఉన్నది. మిగిలిన ముగ్గురి డబ్బు అందులోకి ఇంకా పూర్తిగా చేరలేదు.