'మనిషి బుద్ధే అంత' అనే మాట



ఏ సొసైటీ మునిగినా, ఏ పథకం పక్కదారి పట్టినా, ఓట్లేయించుకున్నవాడు మొహం చాటేసినా చివరికి మనం అనే మాట ఒకటే. "ఏం చేస్తాం, మనిషి బుద్ధే అంత." ఆ మాట పడ్డాక ఇంక మాట్లాడేదేమీ ఉండదు. టీ గ్లాసు కింద పెట్టి ఎవరి దారిన వాళ్ళు పోతారు. చదువుకున్నవాళ్ళు ఇదే సంగతి పెద్ద మాటల్లో చెప్తారు. పెట్టుబడిదారీ విధానం గానీ, కమ్యూనిజం గానీ, ప్రజాస్వామ్యం గానీ చెడిపోతున్నాయంటే తప్పు విధానాల్లో లేదంట, మనిషి స్వభావంలో ఉందంట, అది మారదంట.

ఇందులో సగం నిజముంది. ఆ సగం సంగతి ముందు చూద్దాం.

మన సముద్రతీరాన్నే తీసుకోండి. 1990ల మొదట్లో కండలేరు పాయ వెంబడి టైగర్ రొయ్య సాగు వచ్చిపడింది. వరి కయ్యలు, ఉప్పు నేలలు, పశువులు మేసే బీళ్ళు గుంటలైపోయాయి. పాయ మాత్రం అందరికీ ఒక్కటే. గుంటలోకి నీళ్ళు తోడుకునేది దాన్లోంచే, మురుగు వదిలేది దాన్లోకే. 1994-95లో తెల్లమచ్చ రోగం తగిలింది. రోగం పట్టిన గుంట యజమాని ముందు రెండు దారులున్నాయి. నీళ్ళు కట్టి ఉంచి, బ్లీచింగ్ వేసి, కొన్నాళ్ళు ఆగి వదలడం ఒకటి. బతికినకాడికి రొయ్య పట్టేసుకుని, రాత్రికి రాత్రి తూము తీసేయడం రెండోది. మొదటిదానికి ఖర్చు తనది, లాభం పక్కవాడిది. రెండోదానికి ఖర్చు లేదు, నష్టం మాత్రం పక్కవాడిది. తూములు తెరుచుకున్నాయి. పక్కవాడు ఆ నీళ్ళే తోడుకున్నాడు, వాడి రొయ్యా పోయింది. వాడూ తూము తీశాడు. ఇలా ఒకరినొకరు ముంచుకుని అందరూ మునిగారు. ఎవరికీ తెలియక జరిగింది కాదిది. తెలిసి చేశారు.

చట్టం ఆపలేదా అంటారా? తమిళనాడు గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, తీర నియంత్రణ పరిధిలో కట్టిన రొయ్యల గుంటల్ని తీసేయమంది. ఆ తీర్పు అమలు కాకుండా నానింది. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి గుంటలకు రక్షణ ఇచ్చింది. తర్వాత వెనామీ వచ్చింది, మళ్ళీ అదే పరుగు. ఆశ ముందు కోర్టు కూడా ఓడిందని ఎవరైనా అంటే కొట్టిపారేయలేం.

ఇక మిగతా సగానికి వద్దాం. ఆ గుంటల్లో కొన్ని ఎవరి నేలలో ఉన్నాయి? అసైన్డ్ భూమిని అమ్మడమే కాదు, కౌలుకివ్వడం కూడా చెల్లదని 1977 చట్టం చెప్పింది. అయినా మన వాళ్ళ డీ-పట్టా నేలలు ఎందరి చేతుల్లోకి పోయాయో తీరంలో ఏ కాలనీకి పోయి అడిగినా చెప్తారు. సీజేఎఫ్ఎస్ భూముల సంగతి మన జిల్లాలో తెలియనివాళ్ళు తక్కువ. పేదలు కలిసి సేద్యం చేసుకోమని సహకార సంఘాల పేరిట ఇచ్చిన నేలలవి. చాలాచోట్ల సంఘం కాగితాల్లో మిగిలింది, నేల వేరేవాళ్ళ సాగులోకి పోయింది. దీనికీ "మనిషి బుద్ధి" అనే పేరే పెడతారు. ఆసుపత్రి అప్పు తీర్చలేక ఎకరం కౌలుకి వదిలేసిన తల్లిదీ, అలాంటి ఎకరాలు యాభై కలిపి గట్టు పోసినవాడిదీ ఒకటే బుద్ధా? ఇద్దరినీ ఒకే మాటతో కట్టేస్తే లాభం ఎవరికో ఆలోచించండి.

ఇంకో సంగతి. స్వభావం అనే మాటంటే మనం అందరికంటే ఎక్కువ జాగ్రత్తపడాలి. వీడి గుణం ఇంతే, పుట్టుకే ఇంత, అందుకే వీడి చోటు ఊరి బయట అని మన తాతముత్తాతలకు చెప్పింది ఆ మాటతోనే గదా. మారని స్వభావం అనేదాన్ని ఒప్పుకున్నామంటే, 1956లో బాబాసాహెబ్ నాగపూర్‌లో బయటికి నెట్టినదాన్ని మనమే దొడ్డిదారిన ఇంట్లోకి పిలుచుకున్నట్టు.

బుద్ధుడు ఈ ప్రశ్నను నేరుగా పట్టుకున్నది దీఘనికాయంలోని అగ్గఞ్ఞ సుత్తంలో. వాసెట్ఠుడు, భారద్వాజుడు అనే ఇద్దరు బ్రాహ్మణ కులం నుంచి వచ్చి సంఘంలో చేరబోతుంటే వాళ్ళ కులంవాళ్ళు తిడుతున్నారు, మేం బ్రహ్మ నోట్లోంచి పుట్టినవాళ్ళం అంటున్నారు. దానికి జవాబుగా ఆయన ఒక కథ చెప్పాడు. మొదట్లో బియ్యం పొట్టు లేకుండా కాసేది. సాయంత్రం కోసుకుంటే పొద్దునకి మళ్ళీ పండేది. ఒక బద్ధకస్తుడు రెండు పూటలది ఒకేసారి తెచ్చి పెట్టుకున్నాడు. వాణ్ణి చూసి ఇంకొకడు రెండు రోజులది, ఇంకొకడు నాలుగు రోజులది, మరొకడు ఎనిమిది రోజులది. అప్పుడు బియ్యానికి పొట్టు వచ్చింది, కోసినచోట మళ్ళీ మొలవలేదు. హద్దులు వేసుకున్నారు. ఒకడు తనది దాచుకుని పక్కవాడి చెక్కలో కోసుకున్నాడు. దొంగతనం, అబద్ధం, దండన అన్నీ అక్కణ్ణుంచే. అప్పుడు జనమంతా కూడి తమలో ఒకణ్ణి ఎన్నుకుని, న్యాయం చూడమని చెప్పి, తమ బియ్యంలో వాటా ఇస్తామన్నారు. ఆయనే మహాసమ్మతుడు.

చూశారా, ఈ కథలో దురాశ ఎవరి నెత్తురులోనూ పుట్టలేదు. ఒకణ్ణి చూసి ఒకడు నేర్చుకున్నాడు. పాయ పక్కన తూములు తెరుచుకున్న తీరు కూడా ఇదే. నేర్చుకున్నది కాబట్టి మానుకోవచ్చు. తణ్హ కారణాల వల్ల పుడుతుంది, కారణాలు పోతే పోతుంది, పటిచ్చ సముప్పాదం చెప్పేది అదే. మారని ఆత్మ లేదన్నవాడు మారని బుద్ధి ఉందని ఎలా ఒప్పుకుంటాడు? అదే దీఘనికాయంలో చక్కవత్తి సీహనాద సుత్తం ఇంకో మాట కలుపుతుంది. రాజు పేదలకు ధనం ఇవ్వకపోతే దారిద్ర్యం పెరిగింది, దారిద్ర్యం నుంచి దొంగతనం, అందులోంచి హత్యలు పుట్టాయి. అంటే తప్పు ఒక్క మనసుదే అని కూడా ఆయన వదిలిపెట్టలేదు.

మన జిల్లాలోనే దీనికి రుజువు దొరుకుతుంది. మగాడి తాగుడు మారదన్నారు. దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు, వర్ధినేని రోశమ్మ లాంటివాళ్ళు, 1992లో సారా దుకాణం మూయించారు. అది ఊరూరికీ పాకింది. 1995 జనవరిలో రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. ఖజానాకు డబ్బు కావాలి మరి. మగవాళ్ళు మారలేరని తేలి ఎత్తేశారా? కాదు గదా. దుకాణం మళ్ళీ తెరిస్తే పాత అలవాటు మళ్ళీ తయారు.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ చెప్పింది మనకు తెలుసు. ఎంత మంచి రాజ్యాంగమైనా నడిపేవాళ్ళు చెడ్డవాళ్ళైతే చెడ్డదే అవుతుందన్నారు. దీన్ని పట్టుకుని, చూశారా, ఆయన కూడా మనిషి స్వభావమే అన్నాడంటారు కొందరు. అదే ప్రసంగంలో ఆయన బౌద్ధ సంఘాల గురించి కూడా చెప్పారు. కోరం, తీర్మానం, ఓటింగు లాంటి పద్ధతులు భిక్షు సంఘాలకు తెలుసునని. ఆ భాగం మాత్రం ఎవరూ గుర్తు చేయరు. కాషాయం కట్టుకుని ఇల్లు వదిలి వచ్చినవాళ్ళని కూడా బుద్ధుడు వాళ్ళ మంచితనానికే వదిలేయలేదు. తప్పు జరిగినప్పుడల్లా ఒక నియమం పెట్టాడు. ఆ నియమాలే వినయం. ఉపోసథం రోజున భిక్షువులు కూర్చుని పాతిమోక్ఖం వింటారు, తప్పు చేసినవాడు చెప్పుకుంటాడు. శీలం లేకుండా నియమం నిలవదు, నియమం లేకుండా శీలం ఒంటరిదైపోతుంది. మార్క్సు దారిలో ఆయనకు కనిపించిన లోటూ ఇదే: బలప్రయోగం తీసేసిన రోజున దాన్ని నిలిపేది ఏమిటని.

పంచశీలలో రెండోది, ఇవ్వనిది తీసుకోనని. ప్రతి పౌర్ణమికీ పైకి అంటూనే ఉన్నాం. పక్కవాడి మంచినీళ్ళు కూడా ఇవ్వనివే, సంఘం నేల మీద వచ్చే కౌలు కూడా. మరి మన కాలనీ సొసైటీ లెక్కల పుస్తకం ఎవరింట్లో ఉంది? ఎప్పుడు తెరిచారు? వచ్చే పౌర్ణమికి వందన అయ్యాక దాన్ని విహారంలోకి తెప్పించండి. చదవడం వచ్చిన ఆడపిల్ల ఎవరైనా లేచి గట్టిగా చదవాలి. ఎవరి పేరు మీద ఎంత నేల, ఎవరి కౌలు, ఎంత వచ్చింది, ఎక్కడికి పోయింది. అడగాల్సింది ఉంటే అక్కడే అడగండి.