మానుటయు, మోయుటయు

హింసను మానుట, అహింసను ఆచరించుట ఒకటియేనా? పైచూపునకు ఒకటిగనే తోచును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో కొన్ని దశాబ్దములుగా సాగుచున్న ఒక చర్చను పరిశీలించినచో ఈ రెంటికి గల భేదము తెలియగలదు.

ఆ దేశమున వేటాడువారు తగ్గుచు వచ్చిరి. ప్రభుత్వ గణన ననుసరించి 1991లో సుమారు 1 కోటి 41 లక్షల మంది వేటాడగా, 2016లో 1 కోటి 15 లక్షల మంది మాత్రమే వేటాడిరి. ఆ మధ్యకాలమున జనాభా దాదాపు 7 కోట్లు పెరిగినది. 2022 గణనలో సంఖ్య హెచ్చుగా కనబడినను, గణించు పద్ధతి మారుటచే దానిని పూర్వపు అంకెలతో పోల్చరాదు. జనులు పట్టణములు చేరిరి. తండ్రినుండి కుమారునకు ఆ విద్య సంక్రమించుట తగ్గినది.

జీవహింసపై ఆసక్తి తగ్గినదని సంతసింపవలసిన చోట, వన్యప్రాణి రక్షకులే విచారపడుచున్నారు. 1937లో చేసిన చట్టము ననుసరించి తుపాకులపై, తూటాలపై విధించు పన్ను రాష్ట్రములలోని వన్యప్రాణి సంరక్షణకు చేరును. వేటగాండ్రు చెల్లించు లైసెన్సు రుసుము దానికి తోడగును. 1900 ప్రాంతమున, అదుపులేని వేటచే అంతరింపనున్న తెల్లతోక జింక, వేటపై నియమములు విధించి పోషించుటచే కోలుకొన్నది. నేడు తోడేళ్లు లేని పెక్కు ప్రాంతములలో ఆ జింకలే మితిమీరి పెరిగి, అడవిలో మొలచు లేతమొక్కలను మేసివేయుచున్నవి. కావున పెక్కు రాష్ట్రములు బాలబాలికలకు ప్రత్యేకముగ వేటదినములు కేటాయించి, పెద్దల వెంట పంపి, ఆ విద్య నేర్పుచున్నవి.

బాలుని చేతికి తుపాకి నిచ్చుట ధర్మమా? తన ఆహారమునకై తానే ఒక ప్రాణిని చంపినవాడు ఆ ఆహారపు వెల నెరుగును. ఓర్పును, నిగ్రహమును నేర్చును. అంగడిలో మాంసము కొనువాడు ఇవేవియు నెరుగడని కొందరందురు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. చంపుట వినోదమైనచో లేతహృదయము మొద్దుబారునని మరికొందరందురు. ఇందును సత్యము కలదు.

మహాభారతమున అరణ్యపర్వములో ఒక చిన్న కథ కలదు. ద్వైతవనమున పాండవులు వేటాడి జీవించుచుండగా, ఒకరాత్రి మృగములు ధర్మరాజునకు కలలో కనబడి, తమ జాతిలో విత్తనమునకు మాత్రమే కొన్ని మిగిలినవనియు, తమను విడిచి వేరొక వనమునకు పొమ్మనియు కన్నీటితో వేడుకొనెను. మేల్కొనిన ధర్మరాజు తమ్ములకు ఆ సంగతి తెలిపి, కామ్యకవనమునకు తరలెను. వేటగాని అవసరమునకు ఆ మృగజాతి మనుగడయే హద్దైనది.

నేటి పరిస్థితి తలక్రిందైనను కొలత మారలేదు. జింకల మేలునకు, అడవి మేలునకు వేట అవసరమగునా యన్నది విచారింపదగిన ప్రశ్నయే. కాని ఖజానా నింపుటకై బాలునిలో చంపవలెనను కోరికను పుట్టించుట ఆ బాలునే సాధనముగ వాడుకొనుట యగును. ఇది ధర్మము కాదు.

అంతటితో వేటాడనివాడు నిర్దోషి కాజాలడు. అడవిలో విహరించుచు, పక్షులను చూచి ఆనందించుచు, ఆ అడవిని కాపాడు వ్యయమును మాత్రము వేటగానికి వదలువాడు, పరుని హింసాఫలమును తాననుభవించుచున్నాడు. మిస్సోరి రాష్ట్రప్రజలు 1976లో ఓటు వేసి, అమ్మకపు వెలలో నూరవవంతున ఎనిమిదవ భాగమును సంరక్షణకై పన్నుగా తమపై తామే విధించుకొనిరి. వేటాడువారును, వేటాడనివారును ఆ భారమును కలసి మోయుచున్నారు.

వేటను చట్టము నిషేధించిన భారతదేశమునకును ఈ ప్రశ్న పరాయిది కాదు. అడవి యంచున అడవిపందులచే పైరు నష్టపోవు రైతు, నగరవాసి చెప్పు అహింసకు వెల చెల్లించుచున్నాడు. ఆ నష్టములో పాలుపంచుకొననివాని కరుణ మాటలోనే నిలచును. చంపకుండుట ఆరంభము మాత్రమే. బ్రతుకనిచ్చిన ప్రాణి భారమును తానును మోయునపుడే అది అహింస యగును. యువకులకు ముందుగా నేర్పవలసినది ఇదియే.