గలివర్ భోజనాల బల్ల

గలివర్ పేరు చెప్పగానే మన పిల్లలకు లిల్లిపుట్ మరుగుజ్జులు గుర్తుకొస్తారు. కాని జొనాథన్ స్విఫ్ట్ 1726లో ప్రచురించిన ఆ గ్రంథంలో నాలుగు యాత్రలున్నాయి. ప్రియ పాఠకులారా, వీలైతే నాల్గవది చదవండి. అది పెద్దల కథ, అందులోనూ సంసారుల కథ.

అందులో గలివర్ గుర్రాల దేశం చేరతాడు. ఆ గుర్రాలు వివేకం గలవి. అబద్ధానికి వాటి భాషలో మాటే లేదు. మనిషి రూపంలో ఉండే యాహూలకు మాత్రం మురికి, పేరాశ, కొట్లాట తప్ప మరొకటి తెలియదు. గలివర్ గుర్రాలనే గురువులుగా ఎంచుకుంటాడు. నేర్చుకున్నదీ మంచే. అయితే ఆ దేశం వదలిపోయేటప్పుడు తన పడవకు తొడిగింది యాహూల చర్మం! ఆ సంగతి ఏ జంకూ లేకుండా చెబుతాడు. సద్గుణాన్ని ప్రేమించడం నేర్చినవాడిలో జాలి ఎలా చచ్చిపోయింది?

తర్వాత అతణ్ణి చేరదీసినవాడు పోర్చుగీసు ఓడ కెప్టెన్ డాన్ పెడ్రో. మనుషుల మధ్య ఉండలేక సముద్రంలోకి దూకబోయినవాడికి అన్నం పెడతాడు, తన మంచి బట్టలు ఇస్తానంటాడు, లిస్బన్‌లో తన ఇంట్లోనే ఉంచుకుంటాడు. భార్యాపిల్లల దగ్గరికి వెళ్లడం నీ ధర్మమని నచ్చజెప్పి, ఇరవై పౌన్లు చేబదులిచ్చి పంపుతాడు. స్విఫ్ట్ డబ్లిన్‌లో ప్రొటెస్టంట్ దేవాలయానికి డీన్. అయినా ఈ యాత్రలో అందరికంటే దయగల మనిషిని కథోలిక దేశం నుంచే తెచ్చాడు (మనం పొంగిపోనక్కరలేదనుకోండి). గలివర్‌కు ఆ కెప్టెన్ వాసన కూడా గిట్టలేదు.

1715 డిసెంబరులో ఇల్లు చేరాడు. పోయాడనుకున్న భర్త కనబడగానే భార్య కౌగిలించుకుని ముద్దుపెట్టుకుంది. అతడు మూర్ఛపోయాడు. తర్వాత రెండు గుర్రాలు కొని రోజుకు నాలుగు గంటలు వాటితోనే ముచ్చట్లు. ఇంట్లోవాళ్లు మాత్రం తన రొట్టె ముట్టకూడదు, తన పాత్రలో తాగకూడదు. ఒకే రొట్టె, ఒకే పాత్ర అంటే ఏమిటో మనకు వేరే చెప్పాలా?

నవ్వొస్తుంది నిజమే. కాని ధ్యానవడకం ముగించుకుని వచ్చిన సాయంత్రమే ఇంట్లోవాళ్ల మాటతీరు నాకు మోటుగా తోచిన రోజులున్నాయి. మీకూ ఉండవచ్చు. చివరి పుటల్లో గలివర్ మనుషుల గర్వాన్ని తెగ తిడతాడు. ఆ తిట్టు తనకే తగులుతుందని అతడికి తోచదు.

అయిదేళ్లు గడిచాక భార్యను తనతో భోజనానికి కూర్చోనిచ్చాడు, పొడవాటి బల్లకు ఆ చివర. ఈ యాత్రకు బయలుదేరేటప్పుడు ఆమె నిండు గర్భిణి. తిరిగివచ్చేసరికి ఆ బిడ్డకు అయిదేళ్లు వచ్చి ఉండాలి. ఆ బిడ్డ ఊసు గలివర్ మళ్లీ ఎత్తనే లేదు.